స్వెటర్లలో భూతాపం

ఆ రోజుల్లో కంప్యూటర్‌కున్న మర్యాద మనిషికి లేదు. తొంభైల చివర్లో, మాదాపూర్ బండరాళ్ల మధ్య మా ఆఫీసు. కంప్యూటర్ల హాల్లోకి పూజగదిలోకి వెళ్లినట్టు చెప్పులు విడిచి వెళ్లాలి. వాటి ఆరోగ్యం కోసం ఆరు కిటికీ ఏసీలు ఆగకుండా తిరుగుతుంటే, మండువేసవిలో మేం స్వెటర్లు వేసుకుని పనిచేసేవాళ్లం. (మే నెలలో స్వెటరెందుకురా, జ్వరమా అని మా అమ్మ కాకినాడ నుంచి ఉత్తరం రాసింది.)

కొత్తవాళ్లు ఏదో ఒక విషయం మీద పది నిమిషాలు మాట్లాడి బాసును మెప్పిస్తేనే ఉద్యోగం పర్మనెంటు. నేను గొప్పకు పోయి, భూమి వేడెక్కిపోతోందన్న విషయం ఎంచుకున్నాను. "మా ఊళ్లో ఎండలు ఎప్పుడూ ఇంతేనండీ" అని పక్క సీటాయన కొట్టిపారేశాడు. బాసయితే (ఆ చలికి మెడలో మఫ్లర్ తీసేవారు కాదు గనక మేం మఫ్లర్ గారనేవాళ్లం) "వేడా? ముందు మీ పళ్లు టకటకలాడకుండా చూసుకోండి" అన్నారు. హాలంతా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతే ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

అందుకని నేను మాట్లాడాల్సిన రోజు, బాలానగర్ నుంచి వచ్చే ఏసీ మెకానిక్ అన్నను బతిమాలి, అరగంట ముందే ఏసీలు ఆపించాను. ఒంటికి వేడి తగిలితేగానీ వీళ్లకు బుర్రకెక్కదని నా తెలివి. "మీ ఇష్టం సార్, ఇగ అందరు పరేషాన్ అయితరు" అంటూనే కట్టేశాడు. నేను మొదలుపెట్టాను. స్వెటర్లు ఒక్కొక్కటే ఊడాయి. ధ్రువాల మంచు దాకా వచ్చేసరికి పెద్ద కంప్యూటర్ కుయ్యోమని ఆగిపోయింది.

మఫ్లర్ గారు చెప్పులైనా తొడుక్కోకుండా బయట మెయిన్ స్విచ్ దగ్గరున్న అన్న కోసం పరుగెత్తి, ఏసీల వెనక నిలబడి "వెయ్యవయ్యా, అన్నీ వెయ్యి" అన్నారు. అన్న ఆరూ వేశాడు. ఆరింటి వేడిగాలీ ఆయన మొహానికే కొట్టింది. కింద కాలుతున్న సిమెంటు.

"ఏంటయ్యా ఈ సెగ?" అన్నారాయన గెంతుతూ.

"లోపలి వేడి ఏడికి పోతది సార్? మీరు సల్లగుండాలంటే బయటోళ్లం ఉడకాలె గదా."

నెలరోజులు రాసుకున్న నా కాగితాల్లో లేని ముక్క అది. మఫ్లర్ గారు మఫ్లర్ తీసి చెమట తుడుచుకుని, "బాగానే చెప్పారండీ" అన్నారు, నాతో. చెప్పింది నేను కాదని తెలిసీ, సిగ్గులేకుండా థాంక్స్ చెప్పి పర్మనెంటయ్యాను.

ఇప్పుడు బాసును నేనే. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి, "సార్, మనకింత చలి అవసరమా? బయట ఎండలు చూశారా?" అంది. "బయటి సంగతి మనకెందుకమ్మా" అని స్వెటర్ గుండీలు పెట్టుకోబోయాను. రెండో గుండీ దగ్గర మెకానిక్ అన్న గుర్తొచ్చాడు. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. స్వెటర్ విప్పి, లేచి వెళ్లి ఏసీ కట్టేశాను.