మా అత్త కుట్టిన జారని జోళ్లు

మా మేనత్త చెప్పులు కుడుతుందని మాత్రం అనకండి, మీ పని అయిపోతుంది! ఆమె కుట్టేవి లాంచీ జోళ్లు. తడిసిన చెక్క మీద మనిషిని జారకుండా నిలబెట్టేవి. మెత్తటి రబ్బరు సోలుకు బ్లేడుతో సన్నగా, వంకరటింకరగా గాట్లు పెడుతుంది. నీళ్లు ఆ గాట్లలోకి తప్పుకుంటే రబ్బరు చెక్కను కరుచుకుంటుంది. ప్రతి జతనూ తనే తొడుక్కుని, పెరట్లో రేకు మీద సబ్బునీళ్లు పోసి మరీ గెంతుతుంది. పక్కింటివాళ్లు మొదట్లో పిచ్చి పట్టిందనుకున్నారు. ఇప్పుడు కుర్చీలు తెచ్చుకుని చూస్తున్నారు.

ఇదంతా మామ కోసమే. మామ లాంచీలో తాళ్లు విసిరే కళాసీ. ఓ వానరోజు డెక్కు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం రాలేదు. రేవులో టికెట్లు ఇస్తూ, వెళ్లిపోతున్న లాంచీని మెడ సాచి చూస్తుండేవాడు. ఆయన్ని మళ్లీ లాంచీ ఎక్కించాలి, అత్తకు వేరే ధ్యాసే లేదు. లాంచీలు నడిపే సరంగులూ, కళాసీలూ ఆమె జోళ్లకు ఎగబడ్డారు. మామ మాత్రం "రేపు చూద్దాంలే" అనేవాడు.

మొన్న ఆదివారం, ఏ కళనున్నాడో, సరేనన్నాడు. అత్త కొత్త జత కుట్టింది. మామకు సంబరం ఆగలేదు. ఒకప్పుడు లాంచీలో ఇత్తడి కడ్డీలు తోమిన చెయ్యి కదా! ఎవరికీ చెప్పకుండా ఆ జతకు పైనా కిందా మైనం పట్టించి తళతళలాడించాడు.

రేవులో లాంచీ ఎక్కడానికి వేసిన బల్ల మీద మొదటి అడుగుకే సర్రున జారాడు. నేను రెక్క పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. జోళ్లు విప్పేసి, "నా వల్ల కాదే. నీ జోళ్లు కూడా జారాయి" అన్నాడు.

అత్తకు అరికాలి మంట నెత్తికెక్కింది. "జారాయా? నా జోళ్లా?" అంటూ, సోలు వంక చూడనైనా చూడకుండా, ఆ పెద్ద జోళ్లే తొడుక్కుని బల్ల మీదుగా డెక్కెక్కేసింది.

ఇక చూడాలి! నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే బయల్దేరింది. బెంచీ దాటింది, కోళ్లగంప దాటింది. జనం కాళ్లు పైకెత్తి దారిచ్చారు. "ఆపండర్రా నన్ను!" అని కేకలు. ఎదురుగా గొలుసు తగిలించని అంచు.

"ఒసేయ్, కడ్డీ పట్టుకోవే!" అంటూ మామ దూకాడు. వెనకే నేనూ. అంచు దగ్గర ఆమె నడుం దొరకబుచ్చుకున్నాడు. ఇద్దరూ డెక్కు మీద కూలబడ్డారు.

అత్త సోలు తిప్పి వాసన చూసింది. "మైనమా! సోలుకు ఎవరైనా మైనం పెడతారటయ్యా?"

"మెరుస్తుందని..."

లాంచీ లాంచీ అంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఈ గోలలో రేవు ఎప్పుడు వెనకబడిందో ఎవరూ చూడలేదు. అత్తే ముందు చూసింది. నీళ్ల వంకా, తడి డెక్కు మీద మామ కాళ్ల వంకా.

"ఒట్టి కాళ్లతో వచ్చేశావా? మరి ఇన్నేళ్లూ నేనెందుకయ్యా కుట్టి చచ్చింది?" అని వీపు మీద ఒక్కటిచ్చింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియడంలేదు.

"నువ్వు పడిపోతున్నావు కదే మరి" అన్నాడు మామ.