రికార్డైన జోకు

మా సివిక్స్ సార్ రిటైర్మెంటు ఫంక్షన్‌లో మైకు నా చేతికొచ్చింది. జహీరాబాద్‌లో ఎవరికి శాలువా కప్పినా పక్కన నవ్వించడానికి నేనుండాలి. స్టీలు సామాన్ల దుకాణం ఆ పూటకు మూసేసి పోతాను. ఆ రోజు మా పక్కింటాయన పొలం గట్టు కేసు ఎత్తుకున్నాను.

"సార్ రిటైరైండు గని, మా పక్కింటాయన కేసు ఇంక సర్వీసులనే ఉన్నది. సుప్రీంకోర్టుకు పోయినప్పుడు దానికి పాలపండ్లు. ఇప్పుడు మీసాలొచ్చినయి, పెండ్లయింది, మొన్న ఢిల్లీ కోర్టు మెట్ల మీద దాని బిడ్డకు తొట్లె ఫంక్షన్ గూడ జేసిన్రంట" అన్నాను. ఆ నవ్వు చప్పుడుకు చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద లారీలు టైరు పేలిందనుకొని ఆగాయని ఇప్పటికీ నా నమ్మకం.

మరునాడు పొద్దున్నే సార్ ఫోన్ చేశారు.

"ఏం రా, సుప్రీంకోర్టు కోర్ట్ ఆఫ్ రికార్డ్ అని చెప్పిన, యాదికున్నదా? దాన్ని ధిక్కరిస్తే లోపలేస్తది. జర చూసుకో." అంతే, పెట్టేశారు.

రికార్డ్ అన్న మాట వినగానే మా బామ్మర్ది కళ్ల ముందు నిలిచాడు. నేను మాట్లాడినంతసేపూ ముందు వరసలో ఫోన్ ఎత్తిపట్టుకొని రికార్డు చేసింది వాడే. పరుగున పోయి అది తీసెయ్యమన్నాను.

"నా ఫోన్ల తీసేసిన బావా. గని అప్పటికే గ్రూపుల ఏసిన. బీదర్ దాకా పోయింది. గక్కడోళ్లు కింద కన్నడల రాసి మళ్ల మనకే పంపిన్రు. మంది ఫోన్లల్లకెల్లి నేనెట్ల తీస్త?"

"ఢిల్లీకి పోయిందంటవా?"

"ఎందుకు పోదు? గక్కడ ఫోన్లు లేవా?"

నాకంతా అర్థమైంది. దేశంలో ఎవడెక్కడ వాగినా ఆ కోర్టులో రికార్డవుతుంది, అందుకే దానికా పేరు. నా గొంతు ఈపాటికే ఢిల్లీలో ఏ ఇనప బీరువాలోనో కూర్చుని నా కోసం ఎదురుచూస్తోంది.

మా ఆవిడ ధైర్యం చెప్పింది. "నీ మాటలు నేనే పట్టించుకోను, గంత పెద్ద కోర్టు పట్టించుకుంటదా." కాసేపాగి, "జైల్ల చలి ఉంటదేమో, స్వెటర్ తీసి పెట్టాల్నా" అంది.

మధ్యాహ్నం దుకాణం ముందు ఢిల్లీ నంబరు తెల్ల కారు ఆగింది. నల్ల కళ్లద్దాల మనిషి అద్దం దించి వేలితో నన్నే పిలిచాడు. చేతిలో ఉన్న ఇడ్లీ కుక్కరును డాలులా ఛాతీకి అడ్డం పెట్టుకొని పోయాను. నా గుండె అందులో కొట్టుకుంటుంటే వీధి చివరివాళ్లు బడిగంట అనుకొని ఉంటారు. కోహీర్ జామపండ్లు ఎక్కడ దొరుకుతాయని ఆయన హిందీలో అడిగాడు. దారి చూపిస్తుంటే నా ఒక్క వేలే వణికి మూడు దారులు చూపింది.

ఇక తట్టుకోలేక దుకాణం మూసి సార్ ఇంటికి పోయాను. ఆయన వరండాలో కుర్చీ వేసుకొని ఉన్నారు. నేను స్టూలు లాక్కోబోయాను.

"కూసోకు. సుప్రీంకోర్టుల ఎంతమంది జడ్జీలు?"

"అందరు, సార్."

"నీ మొకం. ప్రధాన న్యాయమూర్తితోని కలిపి ముప్పై మందికి పైన. కొలీజియమని పెద్ద జడ్జీలు పేర్లు చెప్తరు, రాష్ట్రపతి నియమిస్తడు. అరవై అయిదేండ్లకు దిగుతరు."

"గంతమంది కలిసి నా మీద కూసుంటరా సార్?"

"మామూలుగ ఇద్దరో ముగ్గురో బెంచి. రాజ్యాంగం మీద పెద్ద ప్రశ్నొస్తే అయిదుగురికి తక్కువ కూసోరు. నీ జోకుకు అయిదుగురెందుకురా."

ఆయన పాఠం మొదలుపెట్టారు. రాష్ట్రాలకూ కేంద్రానికీ తగాదా వస్తే నేరుగా అక్కడికే పోవాలి. ప్రాథమిక హక్కు పోయినవాడూ నేరుగా తలుపు తట్టవచ్చు. హైకోర్టు తీర్పుల మీద అప్పీళ్లు అది వింటుంది, రాష్ట్రపతి అడిగితే సలహా చెబుతుంది. అది చెప్పిన చట్టం దేశంలోని ప్రతి కోర్టుకూ చట్టమే. ఒక్కో అధికారం చెబుతుంటే నేను ఒక్కో అంగుళం పొట్టివాణ్ణవుతున్నాను. సంపూర్ణ న్యాయం చేయడానికి ఎలాంటి ఉత్తర్వైనా ఇవ్వగలదని చెప్పేసరికి చెమట పట్టింది. సగం న్యాయమైతే ఎలాగో ఓర్చుకునేవాణ్ణి. పుట్టి బుద్ధెరిగాక నాకెవరూ ఏదీ సంపూర్ణంగా ఇవ్వలేదు, మా ఇంట్లో చాయ్ కూడా ముప్పావు కప్పే.

"దాని పైన ఎవరున్నరు సార్?"

"ఎవ్వరు లేరు. మళ్లొకసారి చూడుండ్రని వాళ్లనే అడగాలె."

ఆ మాటకు చేతులు కట్టుకున్నాను.

"సార్, మరి నా రికార్డు ఎప్పుడు తీస్తరు?"

"నీ రికార్డేంది?"

"మా బామ్మర్ది చేసింది. కోర్ట్ ఆఫ్ రికార్డ్ అన్నరు గద."

ముందు నవ్వుతో సార్ పొట్ట కదిలింది, ఆపైన కుర్చీ కదిలింది.

"ఓరి పిచ్చోడా. దాని తీర్పులు ఎప్పటికీ సాక్ష్యంగ నిలబడ్తయని దానర్థం. తన ధిక్కారానికి తనే శిక్షేస్తది, అది నిజమే. గని కేసులు ఆలస్యమైతున్నయంటే ధిక్కారం గాదు, సక్కగ విమర్శ చెయ్యొచ్చు. కోర్టు తనంతట తను పట్టుకుంటే వేరే ముచ్చట. బయటోడు నీ మీద కేసు ఏద్దామంటే ముందుగాల అటార్నీ జనరల్ అసుంటోళ్లు ఒప్పుకోవాలె. అంటే ఆయన నీ జోకు చదవాలె."

"చదివితే నవ్వుతడా సార్?"

"నేనే నవ్వలే."

నా ప్రాణం కుదుటపడబోయి మధ్యలో ఆగింది. "మరి పొద్దున ఎందుకు భయపెట్టిన్రు?"

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నా ఫంక్షన్‌ల అరగంట మైకు పట్టుకున్నవ్. పక్కింటోని కేసు చెప్పినవ్. ఇంటికొచ్చినంక మా ఇంటామె అడిగింది, నీ శిష్యుడు నీ గురించేమన్నడని. ఎంత సోంచాయించినా ఒక్క మాట యాదికి రాలే." కళ్లద్దాలు పెట్టుకున్నారు. "ఇప్పుడు చెప్పు. నిలబడే చెప్పు."

ఢిల్లీకి కూడా నేనంత భయపడలేదు. ఇక్కడ మైకు లేదు, నవ్వే జనం లేరు, ఈ వరండాకు పైన అప్పీలూ లేదు.

"తొమ్మిదో తరగతిల క్లాసుల కోర్టు ఆట ఆడిచ్చిన్రు సార్," అన్నాను చివరికి. "నేను వకీలు వేషమడిగిన. మీరు జడ్జిని చేసిన్రు. నీకు మాట్లాడుడొస్తది, జర ఇనుడు నేర్చుకో అన్నరు. ఆ గంటసేపు నేనేం మాట్లాడలే. బడిల నాకు బాగ యాదికున్న గంట అదే."

లోపల సార్ ఇంటామె గిన్నెల చప్పుడు ఆగింది.

"నేర్చుకున్నవా మరి?" అన్నారు సార్.

నోటి దాకా ఒక మంచి జోకు వచ్చింది. భయంతో మింగేశాను.

సార్ స్టూలును కాలితో నా వైపు జరిపారు.