ముప్పై ఎనిమిదో తప్పు

నాకు మా తోటికోడలంటే కుళ్ళు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆఫీసులో ప్రోగ్రాములు రాసి, పదిమంది రాసినవి దిద్ది, మెడనొప్పి తెచ్చుకున్నదాన్ని నేను. "అక్కడ ఏం చేస్తావమ్మా?" అని మా అత్తగారు అడిగిన పాపాన పోలేదు. తోటికోడలూ మా మరిదీ ఫోటో స్టూడియో నడుపుతారు. గిరాకీ లేని మధ్యాహ్నాలు కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని, ఫోన్లో పాఠాలు చూసి, సరదాకి తనో ప్రోగ్రాం రాసింది. కెమెరా కార్డులో ఉన్న ఫోటోలకు తీసిన తేదీ, సమయమే పేరుగా పెట్టి, కంప్యూటర్లోకి మార్చి, కార్డు ఖాళీ చేస్తుందది. అంతే! అత్తగారు వీధంతా చాటింపు వేశారు. "మా చిన్నకోడలి బుర్రే బుర్ర!" ఒళ్ళు మండిపోయింది.

పైగా నా దగ్గరకే తెచ్చింది. "అక్కా, నువ్వే చూడాలి. మొహమాటపడకు, తప్పులుంటే తిట్టు."

ఆ భాగ్యం కోసమేగా నేను కాచుక్కూర్చున్నది! నాలుగు పేజీలు ప్రింటు తీసి, ఎర్ర పెన్ను పట్టుకున్నాను. చదువుతుంటే మరీ మండింది. మాయదారిది, శుభ్రంగా రాసింది. మూడో పేజీలో మాత్రం దొరికింది.

వాళ్ళిద్దరూ ఏ వేడుకకు వెళ్ళినా చెరో కెమెరాతో చెరోవైపు నిలబడతారు. మరిది "ఊఁ" అనగానే ఇద్దరూ ఒక్కసారే నొక్కుతారు. ఒకే క్షణం, కాబట్టి ఒకే పేరు. రెండో ఫోటో వచ్చి మొదటిదాన్ని చెరిపేసి దాని చోట్లో కూర్చుంటుంది. తనేమో ఇన్నాళ్ళూ ఒక్క తన కార్డుతోనే పరీక్షించుకుంది. ఆ పక్కన నేనొక్క వాక్యం రాస్తే సరిపోయేది. రాయలేదు. ఒక్కసారి నలుగురిలో నవ్వులపాలైతే నా ప్రాణం చల్లబడుతుందనుకున్నాను.

పేర్లు పొడుగ్గా ఉన్నాయని, ఇక్కడో ఖాళీ వరుస వదలాలని, ముప్పై ఏడు తప్పులు రాసిచ్చాను. రెండు రోజుల్లో అన్నీ దిద్దుకొచ్చి చూపించింది. ప్రోగ్రాం మొట్టమొదటి వరుసలో "తప్పులు దిద్దినది: మా అక్క" అని రాసింది. కనీసం అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

తరవాతి వారం అత్తగారి డెబ్భయ్యో పుట్టినరోజు. మరిది మా ఎదురుగా, తోటికోడలు మా వెనక, కెమెరాలతో. కేకు కోయబోతూ అత్తగారు ఉన్నట్టుండి నన్ను దగ్గరకు లాక్కుని, చెంపకు చెంప ఆనించి, "ఈ ఇంటికి పెద్ద దిక్కు ఇదేనర్రా" అన్నారు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఊఁ" అన్నాడు మరిది.

మూడోనాడు ఆఫీసు నుంచి తిన్నగా స్టూడియోకి పరిగెత్తాను. ఆ ఫోటో తెరిచి చూస్తే ఏముంది? నా జడ, అత్తగారి జాకెట్టు వీపు.

"నువ్వు ముందు నుంచి తీసిందేది?" అన్నాను మరిదితో.

ముగ్గురం వెతికాం. "కార్డులు ఖాళీ అయ్యాయి కదా అని నిన్న ఇంకో పనికి వాడేశాం వదినా," అన్నాడు బిక్కమొహం వేసుకుని.

తోటికోడలు ప్రోగ్రాం తెరిచి, తెరమీద వేలుపెట్టి వరుసలు చదువుకుంటూ పోయి, ఒకచోట ఆగిపోయింది. "నాదే తప్పక్కా. కామాలు కూడా వదలకుండా చూశావు నువ్వు. నీకే కనపడలేదంటే ఇక నాకేం కనపడుతుంది?"

మరిది అవునన్నట్టు తలాడించాడు. నోరు మూసుకుంటే సరిపోయేది. నాకు మూసుకోబుద్ధి కాలేదు.

"కనపడింది," అన్నాను. "మూడో పేజీలో. కావాలనే రాయలేదు."

మరిది నా మొహంలోకి చూసి తల తిప్పుకున్నాడు. తోటికోడలు కళ్ళు తుడుచుకుని, కంప్యూటరు వైపు తిరిగి, ప్రోగ్రాం మొదటి వరుసకు వెళ్ళి, "మా అక్క" అన్న రెండు మాటలూ చెరిపేసింది.