శుక్రవారం మసి

నేను మబ్బుల మీద పరిశోధన చేస్తానంటే మా వైపు జనం అడిగేది ఒకటే, వాన ఎప్పుడు పడుతుందని. నాకు తెలియదు. చినుకు ఎలా పుడుతుందో మాత్రం కొంచెం తెలుసు. గాలిలోని ఆవిరి చినుకు కావాలంటే పట్టుకోవడానికి ఒక రేణువు కావాలి. కొన్ని రేణువులు ఆ పనికి సాయపడతాయి, కొన్ని మబ్బునే చెడగొడతాయి. మసి ఏం చేస్తుందన్నది నా ప్రశ్న. దాన్ని గంట గంటకూ కొలిచే పెట్టెలు రెండు ఇచ్చారు. ఒకటి నంద్యాలలో ఒక కాలేజీ మేడ మీద పెట్టాను, రెండోది ఆళ్లగడ్డలో మా పెద్దమ్మ మిద్దె మీద.

బిగించిన రోజు పెద్దమ్మ ఇదేందని అడిగింది. ఎండకు నా తల పగిలిపోతోంది, విడమరచి చెప్పే ఓపిక లేదు.

"నా బతుకంతా ఈ పెట్టెలోనే ఉండాది పెద్దమ్మా. ఎవుర్నీ ముట్టనియ్యాకు" అన్నాను.

ఆమె ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. మిరపకాయలు ఎండబెట్టడం కూడా పక్కింటి మిద్దె మీదికి మార్చుకుంది.

ఏడాది తిరిగేసరికి నాకో వింత కనబడింది. ఆళ్లగడ్డలో ప్రతి శుక్రవారం సాయంత్రం మసి ఒక్కసారిగా పెరుగుతోంది. నంద్యాలలో అలాంటిదేమీ లేదు. అక్కడే అనుమానం రావాల్సింది, రాలేదు. పెద్ద ఊరు కదా, రద్దీలో కలిసిపోయి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వారాంతానికి ముందు నాపరాళ్ల లారీలు ఎక్కువ తిరుగుతాయని ఒక కారణం కూడా అల్లాను. లారీ డ్రైవర్లకు వారాంతమేమిటని ఒక్కసారైనా ఆలోచించి ఉంటే బాగుండేది. మా గైడు సంబరపడ్డారు. పేపరు రాసి పత్రికకు పంపేశాను. నా థీసిస్ మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

ఆళ్లగడ్డకు మామూలుగా సోమవారాలు వెళ్లేదాన్ని. ఒక శుక్రవారం పెట్టె నుంచి అంకెలు రావడం ఆగిపోతే మధ్యాహ్నం నంద్యాలలో బస్సెక్కాను. వైరు వదులైంది, అంతే. సరిచేసి కిందికి దిగబోతుంటే, దీపాలు పెట్టే వేళకు పెద్దమ్మ మెట్లెక్కి వస్తోంది. తలంటుకుని జుట్టు ముడేసుకుంది. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చేత్తో నిప్పుల మీద సాంబ్రాణి వేసిన ధూపపు గిన్నె పట్టుకుంది. నేను చూస్తుండగానే పెట్టె గాలి పీల్చే గొట్టం చుట్టూ మూడుసార్లు తిప్పింది.

ఎప్పటినుంచి చేస్తున్నావని అడిగాను.

"పెట్టిన వారం నుంచీ. నీ బతుకు దీంట్లో ఉండాదంటివి గదా పాపా. ముట్టకుండానే పొగ ఏస్తాండా."

నేను అరిచాను. ఏడాది పని బుగ్గిపాలు చేశావన్నాను, ఎవరు చెయ్యమన్నారన్నాను. అనకూడని మాటలే అన్నాను. ఆమె ధూపపు గిన్నెను కొంగు చాటున పెట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయింది. తప్పు ఆమెది కాదు. కళ్లెదుట ఉన్నది చూడకుండా లారీలను పట్టుకొచ్చింది నేను.

గైడుకు ఆ రోజే ఫోన్ చేసి చెప్పాను. ఆయన పేపరు వెనక్కి తీసుకోమన్నారు. తీసుకున్నాను. కొలతలన్నీ మళ్లీ మొదలుపెట్టాను, థీసిస్ ఏడాదికి పైగా వెనకబడింది. పెద్దమ్మకు క్షమాపణ చెప్పాను. పోనీలే పాపా అంది గానీ, మళ్లీ మిద్దె ఎక్కలేదు.

తర్వాతి నెలల గ్రాఫు చూసి గైడు ఇప్పుడు నమ్మొచ్చన్నారు. శుక్రవారాలు కూడా మిగతా రోజుల్లాగే చదునుగా ఉన్నాయి. మంచి కొలతలే, కానీ చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. పాత గ్రాఫు తీసి పక్కన పెట్టుకున్నాను. మోకాళ్ల నొప్పులతో ఒక మనిషి నాకోసం వారం తప్పకుండా మెట్లెక్కిందని ఆ పెట్టె ఏడాది పొడుగునా రాసిపెట్టింది. నేను దాని కింద నాపరాళ్ల లారీలు అని రాసుకున్నాను.