చాటింపులో ఎవరి పేరు?

1958 జనవరి 25. రామన్నపేట దగ్గరి ఒక ఊరి చావడి. హాజరైనవారు: పోలీసు పటేలు, డప్పు మీద చాటింపు వేసే ఎల్లయ్య, అతని తల్లి నర్సవ్వ, నేను. వరికోతలు అయిపోయి ఊరంతా కొత్త గడ్డి వాసన.

అప్పుడు నేను బ్లాకులో సాంఘిక విద్యా నిర్వాహకుణ్ని. రాత్రి బడులు, భజన మండళ్లు, ఊరి రేడియో నా పనులు. గణతంత్ర దినాన రాజ్యాంగ పీఠికను తెలుగులో చదివి వినిపించడం ఆ ఏడు అదనంగా అప్పగించారు. మరునాడు పొద్దున్నే ఎల్లయ్య చాటింపు వేసి జనాన్ని పిలవాలి.

నిజాం కాలం నుంచి చాటింపుకు ఒక పద్ధతి ఉండేది. ముందు హుకుం ఎవరిదో చెప్పాలి, ఆ తరువాతే సంగతి.

"సారూ, గిది ఎవరి హుకుమని సాటాలె?" అన్నాడు ఎల్లయ్య.

"ప్రజలది."

పటేలు నవ్వాడు. "పేరు లేని హుకుం ఎవడింటడు సారూ? నా పేరు సాటుమనుండ్రి."

శిక్షణలో విన్నది చెప్పాను. పీఠిక మొదట కనిపిస్తుంది కాని, రాజ్యాంగ సభ దాన్ని చివరన చర్చకు తీసుకుంది, మిగతా భాగాలతో సరిపోవాలని. ఈ అధికారం ఎవరి నుంచి వచ్చిందో, దేనికోసమో చెప్పడమే దాని పని. దేవుని పేరుతో మొదలుపెడదామన్న ప్రతిపాదన కూడా ఓటులో వీగిపోయింది.

"దేవునికే జాగా లేదా!" అని పటేలు ఎల్లయ్య వైపు తిరిగాడు. "ఏమిరా, నా పేరు లేకుంట సాటినవో, కల్లం కాడికి రాకు."

పటేలు కల్లంలో కొలిచే వడ్లే ఎల్లయ్య ఇంటికి ఏడాది తిండి.

కింద వాకిట్లో నిలబడ్డ నర్సవ్వ అడిగింది: "ఆ ప్రజలల్ల మేమున్నమా సారూ?"

"ఉన్నారు అవ్వా."

"పటేలు?"

"ఆయనా ఉన్నారు."

"మరి ఆయనకేం తక్కువైందట?"

పటేలు లేచి వెళ్లిపోయాడు. ఎల్లయ్య వడ్లకు మోసం రాకూడదని, బి.డి.ఓ. గారి పేరు చెప్పినా చాలన్నాను. అతను డప్పు భుజాన వేసుకుని తల్లి వెంట ఇంటికి నడిచాడు.

పీఠికను చదివి వినిపించడం తేలిక. ఆ హుకుం తనదని ఒక మనిషి నలుగురిలో చెప్పడం వేరే పని. నా ఉద్యోగం ఆ రెండో పని కోసమని ఆ ఊళ్లోనే తెలిసింది.

మరునాడు పొద్దున డప్పు మోగింది. ఎల్లయ్య నేరుగా వెళ్లి పటేలు ఇంటి ముందు ఆగాడు.

"ఇనుండ్రి! గిది మనందరి హుకుం! పటేలుది సుత అండ్లున్నది! అందరు జెండా కాడికి రావాలె!"

తలుపు తెరుచుకుంది. పటేలు తలకు రుమాలు చుట్టుకుంటూ బయటికి వచ్చి, జనంతో నడిచాడు.