మంచు వాలని బూడిద

తడిసిన బూడిదకు ఒక వాసన ఉంటుంది. అగ్గి ఆరిపోయినా దాని కోపం ఇంకా పోనట్టు ముక్కులో సన్నగా గీరుతుంది. ఇంటి మీద గది వేయడానికి మా కొడుకు మొన్న బూడిద ఇటుకలు దింపించాడు. కరెంటు తయారుచేసే చోట మిగిలిన బూడిదను అచ్చుపోసి చేసినవట. నిన్న పొద్దున్నే వాటిని తడుపుతుంటే ఆ వాసన లేచింది, పైపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. “అత్తమ్మా, నీళ్లు దండుగ పోతున్నయ్!” అని కోడలు అరిచేదాకా తెలియలేదు. ఈ ఇంట్లో దండుగ మాట నేను అనడమే గాని పడింది లేదు.

మా నాయన బొగ్గుబాయిలో పని చేసేవాడు. ఇంకా పర్మినెంటు కాలేదు కాబట్టి కార్మికులకు ఇచ్చే పొయ్యి బొగ్గు మాకు రాదు. బాయి దగ్గర ఆవిరి యంత్రాల పొయ్యిలు రాత్రింబవళ్లు మండేవి. వాటి బూడిదను ఇనుప బండ్లలో నెట్టుకొచ్చి కంచె అవతల కుమ్మరించేవారు. కంపెనీ పని అక్కడితో అయిపోయేది, మా పని అక్కడ మొదలయ్యేది. నేనూ, నాకన్నా మూడేళ్లు పెద్దదైన రూతక్కా, కిరసనాయిలు డబ్బాకు మేకుతో బొక్కలు కొట్టి చేసిన జల్లెడ పట్టుకుని, సైరను కూయకముందే చలిలో వణుక్కుంటూ పోయి, జల్లెడ పట్టి, సగం కాలిన బొగ్గు గంపలో, సన్నని బూడిద గిన్నెలు తోమడానికి సంచిలో, గరుకు రవ్వ వానకాలం వాకిట్లో బురద మీద పోయడానికి మూలకు, ఇట్లా దేని చోటు దానికి పెట్టేవాళ్లం. నల్లగా కనబడ్డదల్లా బొగ్గు కాదు. రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి చూడాలి, గలగలమంటే బొగ్గు, మొద్దుగా మోగితే రాయి. ఆ రాయి పొయ్యిలో పడితే చిట్లి కళ్లల్లోకి ఎగురుతుంది. గంప అడుగున మిగిలిన పొడిని కూడా అమ్మ పేడలో పిసికి ఉండలు చేసి గోడ నీడన ఆరబెట్టేది. ఇప్పటి పిల్లలు అన్నం పారేసినంత సులువుగా మేము బూడిద కూడా పారేయలేదు.

ఆ కుప్ప మీద లచ్చవ్వ అని ఒక ముసలమ్మ ఉండేది, అందరికన్నా ముందు వచ్చి అందరికన్నా వెనక పోయేది. కొత్తగా వచ్చిన పిల్లలకు ఆమె చెప్పేది ఒక్కటే. “మంచు వడ్డకాడనే అడుగెయ్యిండ్రి. మంచు లేని జాగల కింద అగ్గి నిద్రవోతాంది, దాన్ని లేపకుండ్రి.” పైన తెల్లగా, చల్లగా, పిండి జల్లినట్టు ఉంటుంది గాని, కుప్ప కడుపులో నిప్పు నెలల తరబడి ఉండేది.

క్రిస్మసును మేము పెద్ద పండుగ అంటాం. ఆ ఏడు పండుగకు మూడు రోజుల ముందు అమ్మ సకినాలకు పిండి కలిపి, నువ్వులు, వాము వేసి, మమ్మల్ని తరిమింది. “ఎండిన బొగ్గు తేండ్రి. పొగ పొయ్యి మీద సకినాలు కాలుస్తే చర్చికి వోయినోళ్లంత నన్నే నవ్వుతరు.” పోయి చూస్తే కుప్పంతా మంచుకు తడిసి ఉంది, ఒక్క పక్క తప్ప. ఆ పక్క బొగ్గు పొడిగా, తేలికగా మెరుస్తోంది. నేను లచ్చవ్వ మాట మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే బాగుండేది. తెలిసే పోయాను. గంప నిండింది. తిరిగి వస్తుంటే కాలి కింద పెచ్చు కదిలింది. అక్క ఎప్పుడు వచ్చిందో, నన్ను పక్కకు తోసింది. తోసిన ఊపుకు ఆమె కుడికాలు చీలమండ దాకా దిగబడింది.

లచ్చవ్వ తన కొంగు చించి చుట్టింది, ఇద్దరు ఆడవాళ్లు దవాఖానకు మోసుకుపోయారు. అక్కడికి ఉరికొచ్చిన అమ్మ అడిగిన మొదటి మాట, “ఎవరు వోయిండ్రు ఆడికి?”

గంప నా చేతిలోనే ఉంది.

“నేనే,” అంది అక్క.

“పెద్దదానివి, నీకన్న బుద్ధుండొద్దా!” అని అమ్మ ఏడుస్తూ తిట్టింది. నేను నోరు తెరవలేదు. ఆ బొగ్గుతోనే ఆ సాయంత్రం సకినాలు కాల్చింది అమ్మ, పొగ లేదు. నేను తిన్నాను. అక్క కాలి వేళ్లు మూడు అతుక్కుపోయాయి, బడికి అంత దూరం నడవలేక మానేసింది. ఆమె బదులు రోజూ గంప మోయాలి కాబట్టి నాలుగో తరగతిలో నేనూ మానేశాను. నాకు తగ్గ శిక్షేలే అనుకున్నాను. ఆమెకు మాత్రం ఏ తప్పుకు?

అమ్మ పోయేదాకా ఆ కాలు చూసినప్పుడల్లా “చెప్పినమాట ఇంటివా?” అని అక్కనే అనేది. నేను విన్నాను, ప్రతిసారీ విన్నాను.

నిన్న నస్పూర్ నుంచి అక్క గది పని చూడడానికి వచ్చింది. ఇటుకల పక్కన కుర్చీలో కూర్చుని, చెప్పు విడిచి ఆ కాలు ఎండకు పెట్టింది. ఇప్పుడు కరెంటు తయారుచేసే చోటి బూడిద నీళ్లలో కలిసి పైపుల్లో కొంత, మూత కప్పిన లారీల్లో కొంత పోతోంది, దానికీ గిరాకీ ఉంది. జల్లెడ పట్టే ఆడవాళ్లు లేరు, లచ్చవ్వ లేదు, అమ్మ లేదు. అడిగేవాళ్లు ఎవరూ మిగలలేదు. అలసట వచ్చింది నాకు, ఇన్నేళ్లు మోసిందానికి.

“అక్కా, ఆనాడు మంచు లేని జాగకు వోయింది నేను గదా. అమ్మకు చెప్పకపోతిని.”

అక్క ఇటుకను వేలితో కొట్టి, మోత విని, అప్పుడు నా వైపు చూసింది.

“ఇప్పుడు చెప్పి ఏంజేస్తవే? కాలు మార్చుకుంటవా?”

నేను ఆమె విడిచిన చెప్పును నీడకు జరిపాను.

“అమ్మకు ఎరుకేనే. దవాఖానల మాపటిదాంక నా చేతిగోర్లు చూసుకుంట కూసుంది, బొగ్గు ఏరిన మసి వాటికి లేకపాయె.”

“మరి నన్నెందుకు అనలేదు?”

“నన్నంటే నువ్వు ఇంటవని.”

ఈ పొద్దున అక్క లేవకముందే వాకిట్లోకి పోయాను. రాత్రి మంచు ఇటుకలన్నింటి మీదా ఒకే తీరుగా పడి ఉంది. ఎక్కడా ఖాళీ లేదు. అయినా అక్క కుర్చీ వేసే చోట వంగి, నేల మీద అరచేయి పెట్టి చూశాను. చల్లగానే ఉంది. అప్పుడు కుర్చీ వేశాను.