గోడలకు మేకులు కొట్టరాదు

రంగుల మేస్త్రి ఇంటి గేటుకు వేలాడే టులెట్ బోర్డంత అందమైన బోర్డు ఆ వీధిలో మరొకటి లేదు. సొంత చేత్తో రాసుకున్నాడాయె! ‘పై పోర్షన్ అద్దెకు ఇవ్వబడును’ అని నీలం అక్షరాలు, కింద ఫోను నంబరు, ఆ కింద ఎర్రగా, నంబరుకన్నా లావుగా ‘గోడలకు మేకులు కొట్టరాదు.’ అది చదివాక ఆ ఇంట్లో దిగాలనిపించిన మనిషి ఎవరైనా ఉంటే నాకు చూపించండి.

“అద్దెకిచ్చే బోర్డాండీ ఇది, జైలు గోడ మీద హెచ్చరికా?” అని భార్య ఎన్నిసార్లు నవ్విందో.

నవ్వితే మాత్రం? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం మేస్త్రి. నలభై ఏళ్ళు ఊరందరి గోడలకూ రంగులేసి, చివరికి తనకంటూ పైన రెండు గదులు వేసుకున్నాడు. వాటికి మూడుసార్లు లప్పం పెట్టి నున్నగా రుద్దాడు. ఎవరైనా ఖాళీ చేసి వెళ్ళిన రోజు గోడలన్నీ అరచేత్తో తడిమేవాడు. ఒక్క కన్నం తగిలిందా, ఆ పూట తిండి సహించేది కాదు.

ఇంతలో భార్యకు కళ్ళు తిరిగి పడిపోవడం మొదలైంది. ఒంటరిగా వదలొద్దన్నాడు డాక్టరు. పిల్లాజెల్లా లేని ఇల్లు. మేస్త్రి పనికి పోకపోతే పొయ్యి వెలగదు. పైన ఎవరైనా మంచివాళ్ళు దిగితే, ఒంట్లో తేడాగా ఉన్నప్పుడు ఆవిడ గరిటెతో కిటికీ చువ్వ మీద కొడుతుంది, వాళ్ళు దిగొస్తారు. ఆవిడ ప్రాణానికి దిక్కు అదొక్కటే.

మేస్త్రి కారే కుళాయి మార్పించాడు, కిటికీలకు దోమతెర వేయించాడు, మెట్లకు కొత్త బల్బు పెట్టాడు. ఎర్ర అక్షరాల జోలికి మాత్రం పోలేదు, మహానుభావుడు!

ఒకరోజు ఒక నర్సు వచ్చింది, వెంట తల్లి. కూతురు డ్యూటీకి వెళ్ళినా తల్లి ఇంట్లోనే ఉంటుందట. అదృష్టం తలుపు తట్టడమంటే ఇంకెలా ఉంటుంది? ఆడవాళ్ళు ముగ్గురూ పది నిమిషాల్లో అక్కాచెల్లెళ్ళైపోయారు.

“ఒక్క మేకు కొట్టుకుంటామండీ, నాన్నగారి ఫొటోకి. లేవగానే చూడకపోతే అమ్మ ఉండలేదు,” అంది నర్సు.

మేస్త్రి గోడ వైపు చూశాడు. “బల్ల మీద పెట్టుకోండమ్మా. ఫొటో ఎక్కడుంటే ఏం?”

“ఏమండీ!” అంది భార్య. ఆ పిలుపులో బతిమాలడమంతా ఉంది. ఆయన అరచేత్తో గోడ తడుముతున్నాడు.

“పదవే,” అంది నర్సు తల్లి. “మీ నాన్నని బల్లల మీదా గూళ్ళలోనూ పెట్టుకు తిరగలేను నేను.”

వాళ్ళు రెండు వీధుల అవతల దిగారు. భార్య వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మూడు వారాల తర్వాత, మేస్త్రి పనిలో ఉండగా ఆవిడ వంటింట్లో పడిపోయింది. సాయంత్రం తలుపు తీసేసరికి కిటికీ కింద ఉంది, గరిటె చేతిలోనే ఉంది.

“మధ్యాహ్నం చప్పుడు వినపడిందన్నయ్యా,” అని పక్కింటావిడ ఏడ్చింది. “పైన ఎవరో దిగారు, సామాన్లు సర్దుకుంటున్నారనుకున్నాను.”

కాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదన్నాడు డాక్టరు. ఆవిడకు కుడి పక్క చచ్చుబడిపోయింది. మాట పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా పట్టుకున్నాడు పాపం. ఎర్ర అక్షరాలు గీకేశాడు. పని మానేసి ఆవిడ దగ్గరే కూర్చున్నాడు. అలా ఎన్నాళ్ళు కూర్చోగలడు? మళ్ళీ పైన మనిషి కావాలి, ఇప్పుడు ఇంకా కావాలి.

వచ్చినవాళ్ళు లేకపోలేదు. మొన్న ఒక కొత్త జంట వచ్చింది. ఇల్లు నచ్చింది.

“మేకులు ఎన్నైనా కొట్టుకో బాబూ. గోడ పడగొట్టినా నేనేమీ అనను,” అన్నాడు మేస్త్రి. పరాయి పిల్లాడి చెయ్యి పట్టుకుని అన్నాడు.

వాళ్ళ మాటలు విని కింద భార్య రమ్మని పిలవబోయింది. మాట రాలేదు. ఏదో అరుపు వచ్చింది. మెట్ల మీద ఆ అమ్మాయి ఆగిపోయింది.

“కింద ఎవరండీ?”

“మా ఆవిడేనమ్మా. మిమ్మల్ని పలకరిస్తోంది.”

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. “ఫోన్ చేసి చెప్తామండీ,” అన్నాడు అబ్బాయి. నంబరు రాసుకోకుండానే వెళ్ళిపోయారు. ఈ నెలలో ఇది ఐదోసారి.

మేస్త్రి గేటు దగ్గర కాసేపు నిలబడి లోపలికి వచ్చాడు. ఆవిడ కళ్ళు పైకెత్తి, ఏమైందన్నట్టు చూసింది.

“వస్తారట,” అన్నాడు. “ఒకటో తారీఖున దిగుతారట.”

ఆవిడ నమ్మింది. ఒకటో తారీఖుకు ఇంకా ఎన్ని రోజులున్నాయో ఎడమచేతి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది.